కూలికి కూర్చున్న మనిషి

బొమ్మల పుస్తకం తిరగేస్తుంటే ఎక్కడో బట్టల్లేకుండా కూర్చున్న ఆడమనిషి చిత్రం కనిపిస్తుంది. పిల్లలు పక్కనుంటే గబుక్కున పేజీ తిప్పేస్తాం. తప్పులేదు. కానీ తీరికవేళ అలాంటి బొమ్మ ఒకదాన్ని నిదానంగా చూద్దాం, రండి.

అమృతా షేర్‌గిల్ 1933లో పారిస్‌లో వేసిన చిత్రం అది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు. తండ్రి పంజాబు సిక్కు, తల్లి హంగరీ దేశస్థురాలు. ఆమె చదివిన పారిస్ చిత్రకళాశాలలో 1897 దాకా ఆడవాళ్లను చేర్చుకోనేలేదు. అంటే అక్కడ ఆడదాని ఒంటిని చూసి గీసే అధికారం అన్నాళ్లూ మగవాళ్లదే!

ఇదేదో దొరల విపరీతం అనుకోకండి. మన రాజమండ్రి దామెర్ల రామారావుగారు కూడా బొంబాయిలో చదువుకుని, ఎదుట మనిషిని కూర్చోబెట్టుకుని ఇలాంటి బొమ్మలు గీసినవారే. చిత్రకారులకిది ఓనమాలు దిద్దడం వంటిది.

ఇక బొమ్మ సంగతి. కూర్చున్నావిడ చిన్నదీ కాదు, అందగత్తే కాదు. చిక్కిపోయిన ఒళ్లు, జారిన రొమ్ములు, అలసిన ముఖం. చూసేవాళ్లను మురిపించాలన్న ధ్యాసే లేదు. అమృత పెట్టిన పేరు ‘ప్రొఫెషనల్ మోడల్’. అంటే కూర్చోవడమే బతుకుతెరువు అయిన మనిషి. ఆ పేరులోనే అర్థమంతా ఉంది. ఆవిడ అక్కడికి వచ్చింది సింగారానికి కాదు, కూలికి.

అలా కూర్చున్నవాళ్లను మనం ఎరగమా? జమ్మలమడుగు చేలల్లో పత్తి ఏరివచ్చి అరుగుమీద కూలబడిన ఆమె, పులివెందులలో పొద్దంతా చెనక్కాయలు ఒలిచి నడుం పట్టేసిన అవ్వ, ప్రొద్దుటూరులో పదిమందికి వడ్డించి చివరికి పీటమీద చతికిలబడిన ఇల్లాలు. ఒంటిమీద చీర ఉందన్నదే తేడా. అలసట ఒకటే.

మెచ్చేవాళ్లు తక్కువే మరి! 1936లో అమృత తన చిత్రాలు హైదరాబాదు తెచ్చింది. కళాఖండాలు కుప్పలుగా కొన్న సాలార్‌జంగ్ నవాబుగారు ఆమెవి ఒక్కటీ కొనలేదు. 1941లో లాహోరులో, ఇరవై ఎనిమిదో ఏట ఆమె కన్నుమూసింది. ఇప్పుడు ఆమె చిత్రాలు దేశపు కళాసంపద.

సిగ్గు ఎవరికి, ఎందుకు అన్నది ఆలోచించండమ్మా. ఒళ్లు కనబడినందుకు సిగ్గుపడతాం సరే. ఆ ఒంట్లోని ఆకలి కనబడ్డాక ఎవరు సిగ్గుపడాలి? అమృత అడిగింది అదేనని నాకు తోస్తుంది.