ఆగాఖాన్ ప్యాలెస్‌కు వెళ్లేముందు

ఈ జనవరిలో మా పదో తరగతి పుణెలోని ఆగాఖాన్ ప్యాలెస్ చూడడానికి వెళ్తోంది. క్విట్ ఇండియా రోజుల్లో గాంధీజీని, కస్తూర్బాను బ్రిటిష్ ప్రభుత్వం బంధించి పెట్టిన భవనం అది. ఇప్పుడు గాంధీ జాతీయ స్మారకం. బస్సు సంగతి, డబ్బుల లెక్క వేరేవాళ్లు చూస్తున్నారు. అక్కడ ఏం చూడాలి, ఏ వరుసలో చూడాలి, పోయేముందు ఏం తెలుసుకోవాలి అన్నది రాసే పని మా చరిత్ర సారు నాకు ఇచ్చారు. ఆ పనిలో నేను తెలుసుకున్నవి, తరగతిలో మేం చేసిన చర్చ ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ భవనం గురించి. దాన్ని 1892లో మూడో ఆగాఖాన్ సుల్తాన్ మహమ్మద్ షా కట్టించారు. ఆయన 1877లో పుట్టారు, అంటే అప్పటికి ఆయనది దాదాపు నా వయసే. చుట్టుపక్కల పల్లెల్లో కరువు వచ్చి జనం ఇబ్బంది పడుతుంటే వాళ్లకు పని దొరకాలని ఈ కట్టడం మొదలుపెట్టారని చెబుతారు. పెద్ద పెద్ద తోరణాలు, చుట్టూ వరండాలు, ముందు పచ్చని తోట. ఫొటోల్లో చూస్తే ఎవరూ జైలు అనుకోరు. కానీ 1942లో దాని చుట్టూ కాపలా పెట్టి జైలుగా మార్చారు.

1942 ఆగస్టు 9 తెల్లవారుజామున బొంబాయిలో గాంధీజీని అరెస్టు చేసి ఇక్కడికి తెచ్చారు. ఆయన కార్యదర్శి మహదేవ్ దేశాయ్, సరోజినీ నాయుడు, మీరాబెన్ కూడా ఇక్కడే ఉన్నారు. ఆ సాయంత్రం శివాజీ పార్కు సభలో మాట్లాడాల్సిన కస్తూర్బాను కూడా పట్టుకున్నారు. రెండు రోజుల తర్వాత ఆమెను, డాక్టర్ సుశీలా నయ్యర్‌ను ఇక్కడికి పంపారు. వారం కూడా గడవలేదు, ఆగస్టు 15న మహదేవ్ దేశాయ్ గుండె ఆగి చనిపోయారు. ఆయనకు 50 ఏళ్లు. ఆ ఆవరణలోనే దహనం చేశారు. గాంధీజీ రోజూ అక్కడికి వెళ్లి పూలు పెట్టేవారు.

1943 ఫిబ్రవరి 10న గాంధీజీ 21 రోజుల ఉపవాసం మొదలుపెట్టారు, మార్చి 3న విరమించారు. సరోజినీ నాయుడు ఆరోగ్యం పాడవడంతో ఆమెను ఆ మార్చిలోనే విడుదల చేశారు. ఆమె హైదరాబాదులో పుట్టిన మనిషి, ముత్యాల గోవిందరాజులు నాయుడు గారి భార్య.

కస్తూర్బా మాత్రం బయటికి రాలేదు. మన పుస్తకంలో ఆమె గురించి ఒకటి రెండు వాక్యాలే ఉన్నాయి. నాకు ఎక్కువ నచ్చిన సంగతి ఏమిటంటే, ఆ జైల్లో డెబ్బై ఏళ్లు దాటిన వయసులో ఆమె గాంధీజీ దగ్గర గుజరాతీ, భూగోళం పాఠాలు చదువుకున్నారు. తర్వాత జబ్బు ముదిరింది. 1944 ఫిబ్రవరి 22, శివరాత్రి రోజున ఆమె కన్నుమూశారు. అంత్యక్రియలు బయట అందరి ముందూ జరపడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. బంధువులు, స్నేహితులు కొంతమందిని లోపలికి రానిచ్చారు. మహదేవ్ దేశాయ్‌ను దహనం చేసిన చోటు పక్కనే ఆమెనూ దహనం చేశారు. ఆ రెండు సమాధులే ఈ స్మారకంలో అన్నింటికన్నా ముఖ్యమైన చోటు. 1944 మే 6న గాంధీజీ విడుదలయ్యారు. ఇద్దరిని అక్కడే వదిలి బయటికొచ్చారు.

ఆమెను చితిమీద పెట్టినప్పుడు, గాంధీజీ స్వయంగా వడికిన నూలుతో నేసిన చీర కట్టారు. ఈ మాట ఇంట్లో చదివి వినిపిస్తుంటే, బీడీలు చుడుతున్న మా నాయినమ్మ చేయి ఆపింది. "నూలు గాంధీ వడికిండు సరే, చీర ఎవరు నేసిన్రు?" అని అడిగింది. నేను చదివినవాటిలో నేసినవాళ్ల పేరు ఎక్కడా లేదు. మా తాత చిన్నప్పుడు చేమగ్గం నేసినవాడు, తర్వాత చాదర్ల కార్ఖానాలో పవర్‌లూమ్ మీద పనిచేశాడు. ఆయన అన్నాడు: "చేతి నూలంటే మిల్లు నూలు లెక్క ఒక్క తీరుగ ఉండదు. ఒక దగ్గర సన్నం, ఒక దగ్గర లావు. మాటిమాటికి తెగుతది. తెగిన పోగు అతుక్కుంట నేయాలె. అది అందరితోని అయ్యే పని కాదు." ఆ మాట విన్నాక ఆ చీర నాకు వేరేగా కనబడింది. వడికిన చేయి చరిత్రలో ఉంది. పడుగు పోసి, పేక ఆడించి, తెగిన పోగులు అతికిన చేయి చరిత్రలో లేదు.

ఇక రెండో విషయం. ఆగాఖాన్ ప్యాలెస్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఎరవాడ జైలు ఉంది. షోలాపూర్ వాళ్లం ప్యాలెస్ వరకు పోయి ఎరవాడను తలుచుకోకుండా వస్తే అది సగం ప్రయాణమే అని నేను సారుతో అన్నాను. 1930 మేలో ఉప్పు సత్యాగ్రహం సందర్భంగా గాంధీజీని అరెస్టు చేశారని తెలియగానే మన ఊరు లేచింది. మిల్లు కార్మికులు పని వదిలి వీధుల్లోకి వచ్చారు. మే 8న పోలీసులు కాల్పులు జరిపారు. గొడవల్లో పోలీసులూ చనిపోయారు. కొన్ని రోజులు ఊరు ప్రభుత్వం చేతిలో లేదు. మే 12న మార్షల్ లా పెట్టి జూన్ నెలాఖరు దాకా ఉంచారు. పోలీసులను చంపారన్న కేసులో మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సారడా అనే నలుగురికి ఉరిశిక్ష వేశారు. 1931 జనవరి 12న ఎరవాడ జైల్లో ఉరితీశారు.

తేదీలు పక్కపక్కన రాసుకుంటే ఒక సంగతి తెలిసింది. 1930 మేలో అరెస్టు చేసిన గాంధీజీని కూడా ఎరవాడలోనే పెట్టారు. 1931 జనవరి 26న విడుదల చేశారు. అంటే ఆయన అరెస్టుకు కోపం వచ్చి లేచిన ఊరివాళ్లు నలుగురిని ఉరితీసిన రోజున ఆయన అదే జైల్లో ఉన్నారు.

ఇది తరగతిలో చెప్పినప్పుడు ఒక అబ్బాయి లేచి, "ఆ నలుగురిలో మన తెలుగోళ్లు ఒక్కరూ లేరు కదా, మనకేం సంబంధం?" అని అడిగాడు. కొందరు నవ్వారు కానీ అది నవ్వాల్సిన ప్రశ్న కాదు. మనం ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ మాట్లాడేవాళ్లం. ఎక్కడ చరిత్ర చదివినా మనవాళ్ల పేరు ఉందా అని మన కళ్లు వెతుకుతాయి. దానికి నా జవాబు ఇది. ఆ నాలుగు పేర్లు మళ్లీ చదవండి. ఒక లింగాయతు, ఒక ముస్లిం, ఒక మరాఠా, ఒక మార్వాడీ. నలుగురూ నాలుగు సమాజాల వాళ్లు. వాళ్లలో ఎవరూ తమ భాష కోసం ఉరికంబం ఎక్కలేదు. ఊరు అందరిదీ కాబట్టి వాళ్లు కూడా అందరివాళ్లే. ఇక మనవాళ్ల పేరు అంటారా, పేర్లు రాసిన చోట మాత్రమే వెతికితే దొరకదు. తెలంగాణ పల్లెల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చి ఈ ఊళ్లో బట్ట నేసినవాళ్ల పేర్లు ఏ రాతి మీదా లేవు. వాళ్ల పని మాత్రం ఉంది. కస్తూర్బా చీర నేసినవాళ్లది ఏ ఊరో, ఏ భాషో, పని మాత్రం మా తాత పనే.

ఇప్పుడు మేం వేసుకున్న ప్లాను చెబుతాను. కస్తూర్బా వర్ధంతి ఫిబ్రవరి 22న వెళ్దామని మొదట అనుకున్నాం. కానీ అప్పటికి బోర్డు పరీక్షలు దగ్గరపడతాయి. అందుకే జనవరి 12 ఖాయం చేశాం. సిద్ధేశ్వర జాతర రోజులు కదా అని కొందరు సణిగారు. పొద్దున్నే పోయి రాత్రికి తిరిగొస్తే జాతర ఎక్కడికీ పోదు అని సారు సర్దిచెప్పారు. పుణె సుమారు 250 కిలోమీటర్లు. తెల్లవారుజామున నాలుగింటికి బస్సు కదలాలి. మన దారి 65వ నంబరు జాతీయ రహదారి. అటు పోతే పుణె, ఇటు పోతే హైదరాబాద్, విజయవాడ మీదుగా మచిలీపట్నం.

ముందు ఎరవాడ, తర్వాత ప్యాలెస్, అంటే చరిత్ర జరిగిన వరుసలోనే. ఎరవాడ ఇప్పటికీ ఖైదీలు ఉన్న జైలు, ఊరికే లోపలికి పోలేం. 2021 జనవరి 26న అక్కడ జైలు టూరిజం మొదలైంది, ముందుగా అనుమతి తీసుకోవాలి. బడి తరఫున అర్జీ పంపాం, జవాబు కోసం చూస్తున్నాం. అనుమతి రాకపోతే బయటే నిలబడి నాలుగు పేర్లు చదివి ముందుకు వెళ్తాం. ప్యాలెస్‌లో ముందు గదులు, ఫొటోలు, చివరికి సమాధులు. సమాధుల దగ్గర కనీసం అరగంట ఉండాలని, అక్కడ సెల్ఫీలు వద్దని అందరం ఒప్పుకున్నాం. చీర నేసింది ఎవరు అని అక్కడివాళ్లను అడగడానికి నాయినమ్మ ప్రశ్న నా నోటుబుక్కులో మొదటి పేజీలో రాసుకున్నాను.

ఆరుగురు విద్యార్థులు ఆరుగురి గురించి ఐదేసి నిమిషాలు మాట్లాడాలి. ఎరవాడ దగ్గర నలుగురు, ప్యాలెస్‌లో ఇద్దరు. ఎవరికి ఎవరు అన్నది చీటీలు వేసి తీశాం. మన భాష కాదు కదా అన్న అబ్బాయికి కుర్బాన్ హుసేన్ వచ్చారు, అతను ఇప్పుడు అందరికన్నా ఎక్కువ చదువుతున్నాడు. నాకు మహదేవ్ దేశాయ్ వచ్చారు. ఆయన పోయింది 1942 ఆగస్టు 15న అని చెప్పి ఒక్క క్షణం ఆగుతాను. సరిగ్గా ఐదేళ్ల తర్వాత అదే తేదీన ఏం జరిగిందో ఎవరికీ చెప్పాల్సిన పని లేదు.