మరొక మూసీ ఒడ్డున: పాలెంబాంగ్‌లో నేల, నీరు, పరదేశి

మూసీ నది అనగానే మనలో చాలామందికి హైదరాబాదు, నయాపూలు, ఉస్మానియా ఆసుపత్రి, పెద్దలు చెప్పిన 1908 సెప్టెంబరు వరద గుర్తుకు వస్తాయి. నేను వైద్యం చదువుకున్నది ఆ నదికి దగ్గరలోనే. అయితే సుమత్రా దీవిలో మరొక మూసీ ఉన్నదనీ, సముద్రానికి ఎనభై కిలోమీటర్ల పైగా లోపలికి కూడా దానిమీద ఓడలు వస్తాయనీ నాకు నిరుడు దాకా తెలియదు. మన నది అసలు పేరు ముచికుంద అంటారు. ఈ రెండు పేర్లకూ చుట్టరికం ఉన్నదని నేననను. కానీ ఆ పేరు చూసే నా మనసు అటు లాగిందని మాత్రం ఒప్పుకోవాలి.

సంగతి ఇది. నాన్నగారు పోయిన తర్వాత మా ఊళ్ళో రెండెకరాల మాగాణి అమ్మగా నా వాటాకు కొంత సొమ్ము వచ్చింది. కౌలాలంపూరులో నాతో పనిచేసే డాక్టరు ఒకాయన స్వస్థలం పాలెంబాంగ్. వాళ్ళ ఊళ్ళో నది అవతలి ఒడ్డున ధరలు పెరుగుతున్నాయనీ, క్రింద దుకాణం, పైన కాపురం ఉండే చిన్న మేడ ఒకటి అమ్మకానికి ఉన్నదనీ చెప్పాడు. ఇటువంటి మేడను అక్కడ 'రూకో' అంటారు. రూమా అంటే ఇల్లు, తోకో అంటే కొట్టు. సెలవుల్లో భార్యాపిల్లలతో వెళ్ళి చూసి వచ్చాను. మేడను చూడబోయి ఆ ఊరి చరిత్రలో చిక్కుకున్నాను. నేను చరిత్రకారుణ్ణి కాను. కానీ రోగి వచ్చినప్పుడు మొదట పూర్వచరిత్ర అడగడం మా వృత్తిధర్మం. అదే ప్రశ్న ఆ నేలను అడిగితే వచ్చిన జవాబు మన సభ్యులకు పనికివస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

మూసీ పాలెంబాంగ్‌ను రెండుగా చీలుస్తుంది. ఉత్తరపు ఒడ్డును ఇలిర్ అనీ, దక్షిణపు ఒడ్డును ఉలు అనీ అంటారు. పేటలకు పేర్లకన్న అంకెలే ఎక్కువ: 7 ఉలు, 13 ఉలు, 16 ఇలిర్ ఈ విధంగా. సముద్రపు ఆటుపోట్లు ఊరి దాకా తెలుస్తాయి. ప్రొద్దున మెట్ల క్రింద బురద కనిపించిన చోట సాయంత్రానికి నీళ్ళు నిలబడతాయి. చుట్టూ వాగులు, చిత్తడి నేలలు. అందుకే పాత ఇళ్ళన్నీ గుంజల మీద ఎత్తుగా కట్టినవే. ఇటువంటి ఊళ్ళో గట్టి నేల ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వారిదే.

ఈ ఊరు శ్రీవిజయ సామ్రాజ్యానికి రాజధాని. 1920లో ఇక్కడ దొరికిన రెండు శాసనాలు ఆ కథకు మొదటి పుటలు. భాష ప్రాచీన మలయ్, లిపి మాత్రం పల్లవ లిపి, అంటే మన వేంగి లిపికి దాయాది. మొదటిది కెడుకాన్ బుకిత్ శాసనం. దపుంత హ్యాంగ్ అనే ప్రభువు ఇరవై వేల సైన్యంతో వచ్చి జయం పొందిన సంగతి 682-83 నాటి ఆ రాతి మీద ఉంది. రెండవది 684 నాటి తలాంగ్ తువో శాసనం. శ్రీ జయనాశుడనే రాజు శ్రీక్షేత్రమనే తోట వేయించి, అందులో కొబ్బరి, పోక, సగ్గు చెట్లు, వెదురు పెట్టించి, చెరువులు త్రవ్వించి, ఆ ఫలమంతా సకల ప్రాణులకూ చెందాలని కోరుకున్నాడు. ఆ నేలమీద పెట్టుబడి గురించి మనకు తెలిసిన మొదటి కాగితం అదే అనుకోవచ్చు.

మూడవ రాయి తెలగా బాతు శాసనం. ఏడు పడగల నాగుపాము క్రింద చెక్కిన పెద్ద శాపపత్రం. దానిపై నీళ్ళు పోస్తే అక్షరాల మీదుగా జారి క్రింది తూములోంచి వచ్చేవి. రాజుకు ద్రోహం చేయమని ప్రమాణం చేసేవారు ఆ నీళ్ళు త్రాగవలసి ఉండేది. ప్రమాణం చేయవలసినవారి పట్టికలో రాజకుమారులు, సేనానుల వంటివారితోపాటు నావికులు, వర్తకులు, చాకళ్ళు కూడా ఉన్నారు. వర్తకుణ్ణి 'వణియాగ' అన్నారు. మన వణిజుడే! బయటి సొమ్ముతో బ్రతికే రేవు పట్టణం బయటివారిని ఎంత ఆదరించిందో అంత అనుమానించింది కూడా.

ఆదరణకు సాక్ష్యం చైనా భిక్షువు ఇత్సింగ్. 671లో ఇక్కడికి వచ్చి ఆరు నెలలు ఆగి సంస్కృత వ్యాకరణం నేర్చుకొని మన దేశానికి వెళ్ళాడు. ఇక్కడ వెయ్యిమందికి పైగా భిక్షువులున్నారనీ, భారతదేశం వెళ్ళబోయే చైనావారు ముందు ఇక్కడ కొంతకాలం చదువుకోవడం మేలనీ రాశాడు.

ఈ దొరలే పరదేశంలో నేల సంపాదించినప్పుడు ఎలా నడుచుకున్నారో చూడండి. సువర్ణద్వీపాధిపతి బాలపుత్రదేవుడు తొమ్మిదవ శతాబ్దంలో నలందలో విహారం కట్టించాడు. దాని పోషణకు ఐదు గ్రామాలు ఇచ్చినది మాత్రం స్థానిక ప్రభువు దేవపాలుడు, తామ్రశాసనం మీద. పదకొండవ శతాబ్దపు తొలినాళ్ళలో శ్రీవిజయ ప్రభువు చూళామణివర్మ పేర నాగపట్నంలో విహారం లేచింది. దానికి గ్రామం ఇచ్చినవాడు రాజరాజ చోళుడు. కట్టడం పరదేశిది, నేల ఇంటివాడిది, రెంటినీ కలిపేది బహిరంగమైన శాసనం. చాటుమాటు వ్యవహారం లేదు.

ఇక్కడ మనకొక బంధుత్వం తగులుతుంది. ఆ రాజరాజు కొడుకు రాజేంద్ర చోళుడు 1025లో నౌకలతో వచ్చి శ్రీవిజయాన్ని కొల్లగొట్టాడు. ఆయన కూతురు అమ్మంగదేవి మన రాజమహేంద్రవరపు రాజరాజ నరేంద్రుని ఇల్లాలు. నన్నయగారిని పోషించిన ప్రభువుకు మామగారే ఈ దండయాత్ర చేసినవాడు! ఆ దంపతుల కొడుకే తర్వాత చోళ సింహాసనమెక్కిన కులోత్తుంగుడు. అతడు 1090లో కడారపు రాజు దూతలు వచ్చి కోరగా నాగపట్నం విహారపు గ్రామాలకు పన్ను మినహాయింపులు రాసి ఇచ్చాడు. తాత దోచిన రాజ్యపు విహారానికి మనుమడు మేలు చేశాడు.

సామ్రాజ్యం క్షీణించింది, నది మిగిలింది. 1225లో చావ్ జుక్వా అనే చైనా అధికారి, ఇక్కడి జనం ఊరి బయట చెదురుగానో, నీళ్ళమీద తెప్పల పైనో ఉంటారనీ, వారికి పన్ను లేదనీ రాశాడు. పదిహేనవ శతాబ్దంలో జెంగ్ హె నౌకలతో ప్రయాణించిన మా హువాన్ ఇంకా వివరంగా చెప్పాడు. నాయకులు నేలమీద ఉంటారు, తక్కినవారు గుంజలకు కట్టిన తెప్పల మీద ఇళ్ళు వేసుకుంటారు, పోటు వస్తే ఇల్లు లేస్తుంది, ఊరు మారదలచుకుంటే గుంజ పీకి ఇంటితో సహా వెళ్ళిపోతారు అని. అన్నట్లు మా మలేషియావారికి తెలిసిన మలక్కా నగరాన్ని 1400 ప్రాంతంలో స్థాపించిన పరమేశ్వరుడు కూడా పాలెంబాంగ్ రాకుమారుడే.

తర్వాత వచ్చిన సుల్తానుల కాలంలో ఈ తెప్ప ఇల్లు పరదేశి చిరునామా అయింది. చైనా వర్తకులు నదిమీదనే ఉండాలని కట్టడి. తెప్ప మీద ఉన్నవాడి మీద కన్ను వేయడం సుళువు, తేడా వస్తే త్రాడు కోయడమూ సుళువు. మతగౌరవం వల్ల అరబ్బులకు ఒడ్డున చోటు దొరికింది. 13 ఉలులోని వారి పాతపేట అల్ మునవర్ ఇప్పటికీ చూడదగినది. డచ్చివారు ఉలు ఒడ్డున సుంగై ఆవుర్ వద్ద వర్తకశాల కట్టుకున్నారు. 1659లో కుతో గవాంగ్ అనే రాజకోటను తగలబెట్టినది వారే. ఆ కోట ఉన్నచోట నేడు పుస్రి ఎరువుల కర్మాగారం ఉంది. 1811లో ఆ వర్తకశాలలోనివారు ఊచకోతకు గురయ్యారు. 1821లో డచ్చివారు తిరిగి గెలిచి సుల్తాను మహమూద్ బదరుద్దీన్‌ను తెర్నాతె దీవికి ప్రవాసం పంపారు. ఆయన వంశం 1797లో పూర్తిచేసిన కుతో బెసాక్ ఇలిర్ ఒడ్డున ఇంకా నిలిచి ఉంది. కుతో అంటే మన కోటే. బెసాక్ అంటే పెద్ద.

డచ్చి పాలనలో చైనావారు ఒడ్డెక్కారు. వారి నాయకుడికి కపిటాన్ అని బిరుదు ఇచ్చి, 7 ఉలులో నివాసం చూపారు. చువా వంశంవారి ఆ ఇళ్ళు గుంజల మీద, లోపల చైనా పద్ధతి నడిమి వాకిలితో ఉంటాయి. నాకు చూపిన రూకో దానికి కూతవేటు దూరంలోనే.

ఇంతలో ఊరు నీటివైపు వీపు త్రిప్పడం మొదలుపెట్టింది. 1930 ప్రాంతంలో ఇలిర్ ఒడ్డున తెంగ్కురుక్ వాగును పూడ్చి రాజబాట వేశారు. ఆ బాట కొసనుంచే జపాన్ యుద్ధపరిహారపు సొమ్ముతో 1962లో అంపెరా వంతెన మొదలై 1965లో ముగిసింది. ఓడలు పోవడానికి మధ్యభాగం పైకి లేచేది. వాహనాలు పెరిగిన తర్వాత 1970 నుంచి లేపడం మానుకున్నారు. వంతెన వచ్చాక ఉలు ఒడ్డు ధర మారింది. వెనుకనున్న జకబారింగ్ చిత్తడిని మెరక చేసి క్రీడానగరం కట్టారు. 2018 ఆసియా క్రీడలకు నదిమీదుగా మెట్రో రైలు వేశారు. 2020 జనాభా లెక్కల్లో ఊరు పదహారు లక్షల అరవై ఎనిమిది వేలు. ధరలు పెరగడంలో వింత లేదు.

అయితే పూడ్చిన నీరు తన దారి మరచిపోదు. 2021 డిసెంబరు 25న కురిసిన వానకు ఊరు ఊరంతా జలమయమయింది. ప్రజలు పర్యావరణ సంస్థతో కలిసి కోర్టుకెక్కగా, చిత్తడి నేలలు కాపాడమనీ, పచ్చని జాగాలు పెంచమనీ నగర ప్రభుత్వాన్ని 2022లో న్యాయస్థానం ఆదేశించింది. నేను చూసిన రూకో గోడమీద మోకాలెత్తున గోధుమరంగు గీత కనిపించింది. 'వాన చెమ్మ' అన్నాడు దలారీ. డాక్టరుగా నాకు ఆ గీత పాత కురుపు మచ్చలా తోచింది.

ఇక అసలు ముడి. 1960 నాటి 5వ నంబరు చట్టం, 21వ అధికరణం ప్రకారం ఇండోనేషియాలో భూమిపై సంపూర్ణ యాజమాన్యం ఆ దేశ పౌరులకే. దాన్ని 'హక్ మిలిక్' అంటారు. అరబ్బీ నుంచి వచ్చిన ఆ హక్ మన హక్కే! పరదేశికి దొరికేది 'హక్ పకై', వాడుకునే హక్కు. అదీ కొన్ని షరతులకు లోబడి. 2021 నిబంధనల ప్రకారం ముప్ఫై ఏళ్ళు, పొడిగిస్తే ఇరవై, తిరిగి ఇస్తే ముప్ఫై. దలారీ చెప్పిన ఉపాయం వేరు: స్థానికుడి పేర కొని, వెనుక వేరే కాగితం రాయించుకోవడం. అప్పటి ఉత్సాహంలో నేను బయానా కూడా ఇచ్చాను.

ఆ రాత్రి మా ఆవిడ అడిగింది: "ఏమండీ, ఆ కాగితంలో మన పేరు ఎక్కడా ఉండదుగా? మామయ్యగారి పొలం పాసుపుస్తకంలో ఆయన పేరుండేది." నా దగ్గర జవాబు లేదు. మర్నాడు ఒక నోటరీగారిని కలిస్తే ఆయన 26వ అధికరణం చూపించాడు. పరదేశికి నేరుగా గాని, చాటుగా గాని హక్ మిలిక్ చేరేలా చేసిన ఒప్పందం చెల్లదు. నేల ప్రభుత్వపరమవుతుంది. ఇచ్చిన సొమ్ము తిరిగి అడగడానికి వీల్లేదు. బేరం మానుకున్నాను. బయానా పోయింది. అడుగుదామంటే నా చేతిలో రసీదు కూడా లేదు. నా మిత్రుడు సిగ్గుపడి, వాళ్ళింట్లో చేపపిండి, సగ్గుపిండి కలిపి చేసే పెంపెక్ పెట్టి మరీ క్షమాపణ చెప్పాడు. తప్పు ఆయనది కాదు, నాది.

తిరిగి వచ్చేముందు సాయంత్రం నది ఒడ్డున నిలబడ్డాము. ఇంకా కొద్ది తెప్ప ఇళ్ళు మిగిలి ఉన్నాయి. పోటుకు ఒక ఇల్లు నెమ్మదిగా లేస్తుంటే మా అబ్బాయి "మనదీ ఇలాగే ఉంటుందా నాన్నా?" అన్నాడు. వాడు అడిగింది ఏ ఇంటి సంగతో నాకు తెలియలేదు. పని అనుమతి రెండేళ్ళకొకసారి పొడిగించుకునే మన బ్రతుకులు తెప్ప మీదివే గదా అనిపించింది. ఆ తెప్పల మీదనుంచే చైనావారు తరతరాలు వర్తకం చేశారు, పిల్లల్ని పెంచారు, ఊరివారయ్యారు. నేల వాళ్ళకు చివరికి దక్కింది.

కనుక సభ్యులకు నా మనవి. పరదేశంలో నేల కొనవద్దని కాదు. ఆ దేశపు చట్టం మనకు ఏ హక్కు ఇస్తుందో ముందు మనమే చదవాలి. ఆ జాగా యాభై ఏళ్ళ క్రితం వాగా, చిత్తడా, మెరకా అని ముసలివారిని అడగాలి. మన పేరు లేని కాగితానికి మన సొమ్ము ఇవ్వరాదు. మా నాన్నగారి పొలం సొమ్ము ప్రస్తుతానికి బ్యాంకులోనే ఉంది. బయానా పోగా మిగిలినది.