శృంగవరపుకోట తక్కెడ: ఎవరి కోసం ఈ చట్టాలు?

వ్యాపారి పేరు సర్కారు పుస్తకంలోకి ఎందుకు ఎక్కాలి? పన్ను రాబట్టడానికా, సరుకు తెచ్చినవాడు మోసపోకుండా చూడటానికా? ఉత్తరాంధ్ర చరిత్ర దీనికిచ్చే జవాబు శృంగవరపుకోటలో స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్కడి నుంచే దారి అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు చేరుతుంది. కొండ మీది నుంచి చింతపండు, పసుపు, అల్లం, కొండచీపుర్లు, అడ్డాకులు దిగుతాయి. ఉప్పు, ఎండుచేపలు, బట్టలు పైకి వెళతాయి. ఈ రాకపోకల మీద ప్రభుత్వం కన్ను ఎప్పుడూ ఉంది. కానీ చాలాకాలం అది చూసుకున్నది తన రాబడినే. అమ్మేవాడి రక్షణ ఆలస్యంగా వచ్చింది. వచ్చాక కూడా కొండ అంచున గీసిన గీత దగ్గరే ఆగిపోయింది.

1802లో శాశ్వత శిస్తు ఏర్పాటు చేసినప్పుడు ఈస్టిండియా కంపెనీ భూమి శిస్తును జమీందార్లకు వదిలి ఉప్పు, సాయర్ సుంకాలు, ఆబ్కారీ తన చేతిలోనే ఉంచుకుంది. 1805లో మద్రాసు రాజధానిలో ఉప్పు మీద గుత్తాధిపత్యం స్థాపించింది. కొండ జనం తప్పక కొనాల్సిన సరుకు అది కాబట్టి ఆ భారం వాళ్ల మీదా పడింది. దారిలో వసూలు చేసే సాయర్ సుంకాలు 1844 దాకా పోలేదు. మగ్గానికి, అంగడికి మొహతర్ఫా పన్ను ఉండేది. 1939లో రాజాజీ ప్రభుత్వం అమ్మకం పన్ను తేవడంతో దుకాణాల నమోదు, లెక్కల పుస్తకాల తనిఖీ పద్ధతిగా స్థిరపడ్డాయి. 1957 ఆంధ్రప్రదేశ్ చట్టం, 2005 వ్యాట్, 2017 జీఎస్‌టీ ఆ బాటలోనివే. వీటన్నిటిలో అధికారి చూసేది వ్యాపారి లెక్క. కావడి మోసుకొచ్చినవాడి చేతిలో ఎంత పడిందో ఆ లెక్కలో కనిపించదు.

రక్షణ చట్టాల వరుస వేరు. 1917 ఏజెన్సీ చట్టం కొండ జాతులవారి అప్పు మీద వడ్డీ ఏడాదికి 24 శాతం దాటకూడదంది, మొత్తం వడ్డీ అసలును మించకూడదంది. ధర నిర్ణయించేది అప్పేనని గ్రహించిన చట్టమది. తర్వాత కొలత వంతు వచ్చింది. కుంచంతో కొలిచే రోజుల్లో మోసానికి దొంగ కుంచమే అక్కర్లేదు. కొనేటప్పుడు పైన కుప్ప నిలిచేలా పోసి, అమ్మేటప్పుడు అంచు వెంట గీసి కొలిస్తే చాలు, ఒకే కుంచం రెండు కొలతలవుతుంది. 1956 తూనికలు, కొలతల చట్టం, 1958 నుంచి అమల్లోకి వచ్చిన కిలో ఈ సందును చాలావరకు మూశాయి. 1956లోనే విశాఖలో గిరిజన సహకార సంస్థ పుట్టింది. 1960 రెగ్యులేషన్ షెడ్యూల్డు ప్రాంతాల్లో వడ్డీ వ్యాపారికి లైసెన్సు తప్పనిసరి చేసింది. 1979 రెగ్యులేషన్ అక్కడి చిన్నతరహా అటవీ ఫలసాయం కొనే హక్కును ఆ సంస్థకు కట్టబెట్టింది.

అయితే అనంతగిరి షెడ్యూల్డు ప్రాంతం, శృంగవరపుకోట కాదు. గీత దాటి కిందికి దిగిన చింతపండు బుట్టకు 1979 రక్షణ ఉండదు. శృంగవరపుకోటలో మార్కెట్ కమిటీ ఉంది, 1966 మార్కెట్ల చట్టం వ్యాపారికి లైసెన్సు అడుగుతుంది కదా అనవచ్చు. నిజమే. కానీ ఆ చట్టం యార్డుకు బళ్ల మీద వచ్చే రైతును దృష్టిలో పెట్టుకున్నది. తల మీద బుట్టతో దిగి, సాయంత్రంలోగా ఊరు చేరాల్సిన మనిషి రోడ్డు పక్కనే అమ్మేస్తుంది.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే బలమైనది: ఒకే సంస్థకు గుత్త ఇస్తే పోటీ చచ్చి, ధర పడిపోదా? పడిపోవచ్చు. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీలకు సంబంధించిన 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం ఫలసాయం మీద యాజమాన్యం గిరిజనులదేనన్నాక ఆ గుత్తను సమర్థించడం కష్టం. కానీ అంతకుముందు ఉన్నది పోటీ అనుకోవడం పొరపాటు. షావుకారు దగ్గర అప్పు చేసినవాడికి కొనేవాడు అప్పుడూ ఒక్కడే. చట్టం తొలగించినంత మాత్రాన అప్పు తొలగదు.

అందువల్ల నమోదు ఎత్తేయాలన్నా, గుత్త కొనసాగాలన్నా సమస్య తీరదు. గీతకు ఇరువైపులా, యార్డులోనైనా రోడ్డు పక్కనైనా, లైసెన్సున్న ప్రతి కొనుగోలుదారు సరిచూసిన కాటా మీదే తూచి, తూకమూ ధరా రాసిన రసీదు అమ్మినవాళ్ల చేతికివ్వాలి. వ్యాపారి లెక్కను రూపాయి పొల్లుపోకుండా చూడగలిగిన ప్రభుత్వానికి ఇది చేతకాని పని కాదు.