గాస్ సెంటీమీటర్ల నుంచి ఎలక్ట్రాన్ వోల్టులకు

కొల్లూరులో నా దగ్గర ఫిజిక్స్ చదువుకునే ఇంటర్ పిల్లలకు ఎలక్ట్రాన్ వోల్టు పాఠాన్ని స్వామి జ్ఞానానంద పేరుతోనే మొదలుపెడతాను. భీమవరం దగ్గరి గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు ఆయనే. సన్యాసిగా యూరప్ వెళ్లి, ప్రాగ్‌లో ఎక్స్‌రేల మీద, లివర్‌పూల్‌లో చాడ్విక్ దగ్గర బీటా కిరణాల మీద పరిశోధించారు. 1950లలో విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో న్యూక్లియర్ ఫిజిక్స్ శాఖకు పునాది వేశారు.

ఆ కాలపు అయస్కాంత బీటా స్పెక్ట్రోమీటరు శక్తిని నేరుగా చూపదు. అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్ దారి ఎంత వంగిందో చెబుతుంది. క్షేత్రాన్ని ఆ వంపు వ్యాసార్ధంతో గుణిస్తే గాస్ సెంటీమీటర్లు వస్తాయి. అది ద్రవ్యవేగానికి కొలత. శక్తి కావాలంటే లెక్క కట్టాల్సిందే.

సీజియం-137నే తీసుకోండి. దాని ప్రసిద్ధ ఎలక్ట్రాన్ గీత 3381 గాస్ సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. దాన్ని 0.2998తో గుణిస్తే సుమారు 1013.6. ఆ సంఖ్య వర్గానికి ఎలక్ట్రాన్ విరామ శక్తి 511 వర్గాన్ని కలిపి, వర్గమూలం తీసి, అందులోంచి 511 తగ్గిస్తే 624 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఒక ఎలక్ట్రాన్ వోల్టు 1.602 × 10⁻¹⁹ జౌల్‌లు కాబట్టి, ఇదంతా కలిసి దాదాపు 10⁻¹³ జౌల్ మాత్రమే.

ఇప్పుడు కంప్యూటర్ తెర మీద కిలో ఎలక్ట్రాన్ వోల్టులే నేరుగా కనిపిస్తాయి. అయినా ఈ లెక్కను పిల్లలచేత కాగితం మీదే చేయిస్తాను. వంపు నుంచి శక్తిని రాబట్టే ఆ విద్యను మన విశాఖలోనూ ఒక తరం సాధన చేసిందని వాళ్లకు తెలియాలి.