పరుగు ఆగిన తరువాత

హైదరాబాదు గుర్రపు పందాల చరిత్రలో గెలిచిన గుర్రాల పేర్లు దొరుకుతాయి. వయసు మళ్ళినవాటి కడపటి రోజులు దొరకవు. నా ఆసక్తి ఈ రెండవ చరిత్ర మీదనే.

మౌలాలిలో మొదలైన పందాలు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో మలక్‌పేటకు తరలివచ్చాయి. గుర్రం ఆయువు 25 ఏళ్ళు దాటవచ్చు. పందెంలో పరుగెత్తేది రెండవ ఏట నుండి మహా అయితే ఏడెనిమిదేళ్ళ వరకే. మేలైనవి సంతానోత్పత్తికి, కొన్ని స్వారీ నేర్పే చోట్లకు పోతాయి. మరి మిగిలినవి?

1960 నాటి జంతుహింస నివారణ చట్టం, ఆకలిదప్పులకు జంతువును వదలివేయడం నేరమన్నది. సంరక్షణ భారం మాత్రం అది ఎవరి చేతిలో ఉంటే వారిదే. అమ్మివేసిన మరుక్షణం, పందెపు సొమ్ము తిన్న యజమాని విముక్తుడు! బ్రిటన్‌లో ఇటువంటి గుర్రాలకు వేరే పనులలో తిరిగి శిక్షణ ఇప్పించేందుకు 2000లో ఒక సంస్థ వెలసింది.

పందెం ఆడని మా కామారెడ్డి, ఎల్లారెడ్డి రైతులకు దీనితో ఏమి పని అంటారా? చీకట్లో పొలానికి పోయి పాముకాటు తిన్నవానికి ఆసుపత్రిలో ఎక్కించే విరుగుడు, విషాన్ని కొద్దికొద్దిగా ఓర్చుకున్న గుర్రపు నెత్తుటి నుండే వస్తుంది. 1890లలో కాల్మెట్ వంటివారు చూపిన దారి అది. కనుక గుర్రానికి ఋణపడినది పందెగాడొక్కడే కాదు, మనమూను. పరుగుకు వెల కట్టగలిగిన సమాజం, పరుగు ఆగిన తరువాతి మేతకూ వెల కట్టవలసినదే.