వీటో పుట్టిన గుమ్మం

పాత రోము నగరంలో కొందరి ఇళ్ళకు వీధి తలుపు పగలూ రాత్రీ తెరిచే ఉండేది. గడియ వేయడానికి వీల్లేదు. అర్ధరాత్రి ఎవరొచ్చి గుమ్మంలో నిలబడి మొర పెట్టుకున్నా ఆ ఇంటాయన లేచి వినాల్సిందే. పదవిలో ఉన్న ఏడాదిలో ఆయన ఊరు దాటి ఒక్క రాత్రి కూడా బయట పడుకోకూడదు. ఆల్బా కొండ మీద జరిగే లాటిన్ పండుగ ఒక్కదానికే మినహాయింపు. ఆయన్ని ట్రిబ్యూన్ అనేవాళ్ళు. ఈ తలుపు సంగతి రాసిన గ్రీకు రచయిత ప్లూటార్క్, ఆపదలో ఉన్నవాళ్ళకు ఆ ఇంటిని ఓడరేవుతో పోల్చాడు.

ఐక్యరాజ్యసమితి వార్త చదివినప్పుడల్లా కంటబడే ‘వీటో’ అనే మాట పెరిగింది ఈ గుమ్మంలోనే.

లాటిన్‌లో ఆ మాటకు ‘నేను వద్దంటున్నాను’ అని అర్థం. మనకు అది ఇంగ్లీషు నోటి మీదుగా వచ్చి ‘వీటో’ అయింది. రోమన్లు పలికిన తీరు మాత్రం ‘వెతో’కి చాలా దగ్గర. వాళ్ళ తొలి అక్షరం మన ‘వ’లాగే పెదవుల మీద మెత్తగా పలికేది. తర్వాత పొట్టి ఎకారం, దంతాల దగ్గర పుట్టే తకారం, చివర పొడుగు ఓకారం. ఇంగ్లీషు లిపిలో ఈ తేడాలేవీ కనబడవు. తెలుగు లిపిలో రెండక్షరాల్లో ఇమిడిపోతాయి.

ట్రిబ్యూన్ మాటకు మన పత్రికల్లో ఇంకో చుట్టం కూడా ఉంది. లాటిన్‌లో ‘త్రిబుస్’ అంటే తెగ. దాన్నుంచి ‘త్రిబూనుస్’, అక్కణ్ణుంచి అధికారి కూర్చునే ఎత్తైన వేదికకు ‘త్రిబునాల్’ అనే పేరు వచ్చాయి. కృష్ణా నీటి వాటాలు తేల్చే ట్రిబ్యునల్‌కు ఆ వేదిక పేరే మిగిలింది. తమాషా ఏమిటంటే, సామాన్యుల ట్రిబ్యూన్‌కు అంత ఎత్తు పీట ఏనాడూ దక్కలేదు. ఆయన కూర్చున్నది నేలబారు బల్ల మీద.

ఆ బల్ల దాకా కథ ఎలా వచ్చిందో చెప్పాలంటే రాజులతో మొదలుపెట్టాలి. సంప్రదాయం ప్రకారం రోము పుట్టింది క్రీ.పూ. 753లో. రోములుస్‌తో కలిపి ఏడుగురు రాజులు ఏలారు. చివరివాడు, గర్విష్ఠి అనిపించుకున్న టార్క్విన్, క్రీ.పూ. 509లో ఊరు విడిచి పోవలసి వచ్చింది. రాజు స్థానంలో ఇద్దరు కాన్సల్స్ వచ్చారు. పదవి ఏడాదే. ఒకరు చేసేదాన్ని రెండోవారు ఆపవచ్చు. రాజు మళ్ళీ పుట్టకుండా వేసిన ముడి అది. కానీ ఆ ఇద్దరూ, వాళ్ళకు సలహా చెప్పే సెనేట్ పెద్దలూ దాదాపుగా పాట్రీషియన్లు, అంటే గొప్పింటివాళ్ళు. తక్కిన జనమంతా ప్లెబ్స్. కత్తి పట్టి యుద్ధానికి పోయేదీ వాళ్ళే, తిరిగొచ్చి అప్పుల్లో కూరుకుపోయేదీ వాళ్ళే. అప్పు తీర్చలేనివాడు ఒంటినే తాకట్టు పెట్టి షావుకారు ఇంట్లో వెట్టి చేయాలి. ఈ కట్టుబాటును ‘నెక్సుమ్’ అనేవాళ్ళు.

క్రీ.పూ. 495లో ఒక ముసలాయన అంగడివీధిలోకి పరుగెత్తుకొచ్చాడని చరిత్రకారుడు లివీ రాశాడు. చింపిరి గుడ్డలు, పెరిగిన గడ్డం, పాలిపోయిన ముఖం. ఒకప్పుడు సైన్యంలో దళనాయకుడని కొందరు గుర్తుపట్టారు. ఆయన రొమ్ము మీది యుద్ధం గాయాలు చూపించాడు. తాను పోరులో ఉండగా శత్రువులు పొలం తగలబెట్టి, పశువుల్ని తోలుకుపోయారన్నాడు. పన్ను కట్టడానికి చేసిన అప్పు వడ్డీతో పెరిగి తాత తండ్రుల భూమినీ, ఆఖరికి తన ఒంటినీ మింగిందన్నాడు. వెనక్కి తిరిగి వీపు చూపించాడు. దాని మీద ఉన్నవి షావుకారు కొట్టించిన కొరడా దెబ్బలు, ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

మరుసటి ఏడాది సైనికులు తిరగబడలేదు. లేచి వెళ్ళిపోయారు. ఊరికి మూడు మైళ్ళ దూరాన, అనియో నది అవతలున్న కొండ మీద గుడారాలు వేసుకుని ఊరికే కూర్చున్నారు. దోపిడీ లేదు, నిప్పు పెట్టడం లేదు. చరిత్రలో ఇంత పాత సమ్మె కథలు తక్కువ. గొప్పింటివాళ్ళకు ఒక్కసారిగా ఊరు బోసిపోయింది. శత్రువు వస్తే ఎదుర్కొనేవాడు లేడు. సెనేట్ మెనేనియస్ అగ్రిప్ప అనే పెద్దమనిషిని రాయబారం పంపింది. కూర్చుని తినే కడుపు మీద కాళ్ళూ చేతులూ అలిగి, చివరికి అన్నీ కలిసి శుష్కించిన కథ ఆయన చెప్పాడట. ఆ కథ ఈనాటికీ పిల్లల పుస్తకాల్లో ఉంది. జనం మాత్రం కథకు మురిసి దిగిరాలేదు. తమ మనుషులు తమకు కావాలని పట్టుబట్టి, ట్రిబ్యూన్ల పదవి సాధించుకునే దిగారు.

ఆ పదవికి ఏమున్నాయంటే, చెప్పుకోదగ్గవి ఏమీ లేవు. కాన్సల్‌కు ముందు కడ్డీల కట్టలు మోసే భటులు నడిచేవాళ్ళు, ట్రిబ్యూన్‌కు ఎవరూ లేరు. దంతపు కుర్చీ లేదు, ఊదా అంచు వస్త్రం లేదు, సైన్యం లేదు. నగరం నుంచి మొదటి మైలురాయి దాటితే ఆయన మాట చెల్లదు. ఉన్నది ఒక్కటే. ట్రిబ్యూన్ మీద చెయ్యి వేసినవాడు దేవుడి సొత్తు అయిపోతాడని ప్లెబ్స్ అందరూ ఒట్టు పెట్టుకున్నారు. అంటే వాణ్ణి ఎవరు చంపినా హత్యాదోషం అంటదు. వాడి ఆస్తి అమ్మి, పంటల దేవత సెరెస్ గుడికి జమ చేస్తారు.

ఈ ఒట్టు నుంచే వీటో పుట్టింది. అప్పులవాణ్ణి భటుడు ఈడ్చుకుపోతున్నాడనుకుందాం. వాడు ట్రిబ్యూన్ పేరెత్తి కేక పెడతాడు. ట్రిబ్యూన్ వచ్చి ఇద్దరి మధ్యా నిలబడతాడు. ఆయన్ని పక్కకు నెట్టాలంటే తాకాలి. తాకితే ప్రాణం పోతుంది. భటుడు ఆగిపోతాడు. రోమన్ల చట్టంలో ఈ పనికి ‘ఇంతెర్కెస్సియో’ అని పేరు, మధ్యకు నడిచి రావడమని అర్థం. తెలుగులో అడ్డుపడటం అంటే సరిగ్గా అదే. మొదట అది సాయం, తర్వాతే అధికారం. ఉత్తరం రాసి అడ్డుపడటం కుదరదు, ఇంకొకరిని పంపీ కుదరదు. ఒంటితో అక్కడ ఉండాలి. అందుకే తలుపు మూయకూడదు, అందుకే రాత్రి ఊరు దాటకూడదు.

మొదట్లో ట్రిబ్యూన్‌ను సెనేట్ భవనం లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. ఆయన బల్ల వేసుకుని ద్వారం దగ్గర కూర్చునేవాడు. లోపల పెద్దలు తీర్మానం చేసి బయటికి పంపేవాళ్ళు. చదివి, అభ్యంతరం లేకపోతే అడుగున ‘సి’ అక్షరం వేయించేవాడు. ఆ అక్షరం పడకపోతే తీర్మానం చెల్లదు. ఈ సంగతి రాసిపెట్టినవాడు వలేరియస్ మాక్సిమస్. రాజ్యం మొత్తం లోపల కూర్చుంది, గుమ్మం దగ్గర ఒక మనిషి బల్ల మీద కూర్చున్నాడు. లోపలివాళ్ళు ఆయన వైపు చూడక తప్పదు. ప్రజాప్రతినిధులందరూ సభ లోపలే కూర్చునే ఈ కాలంలో, గుమ్మం దగ్గర జనం తరఫున కాపలా ఉన్న ఆ బల్ల పోవడం నిజంగా నష్టమే.

తెరిచి ఉన్న తలుపులోంచి ఎప్పుడూ దిక్కులేనివాళ్ళే రారు. క్రీ.పూ. 473లో గ్నేయస్ గెనూసియస్ అనే ట్రిబ్యూన్ ఇద్దరు మాజీ కాన్సల్స్‌ను విచారణకు పిలిచాడు. ఆ రోజు జనం వచ్చి ఎదురుచూస్తున్నారు, ట్రిబ్యూన్ రాలేదు. ఇంట్లో శవమై కనిపించాడు. ఒంటిని తాకితే దేవుడి శాపమన్న ఒట్టు కూడా కాపాడలేదు. మిగతా ట్రిబ్యూన్లు బెదిరిపోయారు. ఆ భయం ఇంకా ఆరకముందే కాన్సల్స్ సైన్యంలోకి మనుషుల్ని ఎక్కించసాగారు. వోలెరో పుబ్లీలియస్ అనేవాడు, ఒకప్పుడు దళనాయకుడిగా చేసిన తనను మామూలు సిపాయిగా తీసుకుంటే ఒప్పుకోనన్నాడు. భటుడు వచ్చి బట్టలు ఊడదీసి కొట్టబోయాడు. ట్రిబ్యూన్లు నోరెత్తలేదు. వోలెరో జనం మధ్యకు దూకి, మీరే దిక్కన్నాడు. జనం భటుల మీదపడి వాళ్ళ కడ్డీల కట్టలు విరిచేశారు. మరుసటి ఏడాది ఆయన్నే ట్రిబ్యూన్‌ని చేసుకున్నారు. గొప్పింటివాళ్ళ మందీమార్బలం పనిచేయని తెగల సభలోనే ట్రిబ్యూన్ల ఎన్నిక జరగాలని ఆయన తెచ్చిన చట్టం క్రీ.పూ. 471లో నెగ్గింది.

చంపడం కంటే సులువైన ఉపాయం గొప్పింటివాళ్ళకు అప్పటికే తట్టింది. ట్రిబ్యూన్లలో ఒక్కడు వద్దన్నా తక్కినవాళ్ళ పని ఆగిపోతుంది. అలాంటప్పుడు అందరితో తగవెందుకు, ఒక్కణ్ణి మనవైపు తిప్పుకుంటే చాలని అప్పియస్ క్లాడియస్ అనే పెద్దమనిషి సెనేట్‌కు సలహా చెప్పాడు. క్రీ.పూ. 457లో ట్రిబ్యూన్ల సంఖ్య పదికి పెరిగింది. జనానికి అది గెలుపే. కానీ కొనుక్కోవలసిన ఒక్కణ్ణి ఇక పదిమందిలోంచి ఏరుకోవచ్చు.

అయినా ఆ అస్త్రాన్ని జనం వైపు తిప్పినవాళ్ళూ ఉన్నారు. క్రీ.పూ. 376లో లైసీనియస్, సెక్స్‌టియస్ అనే ఇద్దరు ట్రిబ్యూన్లు కాన్సల్స్‌లో ఒకరు ప్లెబ్స్ నుంచి ఉండాలన్నారు. సెనేట్ మిగతా ట్రిబ్యూన్లను పట్టుకుని అడ్డుకట్ట వేయించింది. అయితే మేమూ వద్దంటామని ఆ ఇద్దరూ పెద్ద పదవుల ఎన్నికలనే ఆపేశారు. లివీ లెక్కలో ఆ అడ్డు అయిదేళ్ళు నడిచింది. క్రీ.పూ. 367లో చట్టం నెగ్గింది, మరుసటి ఏడాది సెక్స్‌టియస్సే కాన్సల్ అయ్యాడు. అయితే లివీ ఈ కథలు రాసింది కొన్ని వందల ఏళ్ళ తర్వాతనీ, గాల్ జాతులు మధ్యలో రోమును తగలబెట్టినప్పుడు పాత రాతలు చాలా కాలిపోయాయని ఆయనే చెప్పాడనీ గుర్తుంచుకోవాలి.

ఆ తర్వాతి రెండు శతాబ్దాలను రెండు మాటల్లో దాటవచ్చు. క్రీ.పూ. 326లో నెక్సుమ్ రద్దయింది. 287లో ప్లెబ్స్ సభ చేసిన చట్టం అందరికీ వర్తించసాగింది. ట్రిబ్యూన్లు సెనేట్ లోపలికి వచ్చి కూర్చున్నారు. గుమ్మం ఖాళీ అయింది.

క్రీ.పూ. 133లో టిబీరియస్ గ్రాకస్ అనే ట్రిబ్యూన్, పెద్దలు ఆక్రమించుకున్న ప్రభుత్వ భూమికి పరిమితి పెట్టి, మిగులును పేదలకు పంచే చట్టం తెచ్చాడు. తోటి ట్రిబ్యూన్ ఆక్టేవియస్ వద్దన్నాడు. అప్పియస్ పాత సలహా మూడున్నర శతాబ్దాల తర్వాత కూడా పనిచేసింది. ఆక్టేవియస్‌నే పదవి నుంచి దించాలని గ్రాకస్ ఓటు పెట్టాడు. ఉన్నవి 35 తెగలు. పదిహేడు తెగలు దించమన్నాక, ఇంకొక్క ఓటు పడబోయే ముందు గ్రాకస్ అందరి ఎదుటా అతన్ని కౌగిలించుకుని, పట్టు వదలమని బతిమాలాడు. ఆక్టేవియస్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయట. అయినా పెద్దల వైపు చూసి, కానివ్వమన్నాడు.

చట్టం నెగ్గింది. కొన్ని నెలలకే సెనేటర్లు గుంపుగా వచ్చి గ్రాకస్‌ను కొట్టి చంపారు. చేతికి దొరికిన విరిగిన బల్లల కాళ్ళే వాళ్ళ ఆయుధాలు. మొదటి దెబ్బ కొట్టింది తోటి ట్రిబ్యూనే, అదీ బల్లకాలితోనేనని ప్లూటార్క్ రాశాడు. గుమ్మం దగ్గర వేసుకున్న ఆ పాత బల్ల కథ తెలిసినవాళ్ళకు ఈ వాక్యం చదవడం కష్టం.

మధ్యకు వచ్చి నిలబడటమనే పాత అలవాటు చివరిదాకా పోలేదు. క్రీ.పూ. 62లో మెటెల్లస్ నెపోస్ అనే ట్రిబ్యూన్ సేనాని పాంపేకు మేలు చేసే చట్టం చదవబోయాడు. తోటి ట్రిబ్యూన్ కేటో అతని చేతిలోని పత్రం లాగేసుకున్నాడు. నెపోస్‌కు అది కంఠతా వచ్చు, అప్పజెప్పడం మొదలుపెట్టాడు. మరో ట్రిబ్యూన్ థర్మస్ అతని నోటిని అరచేత్తో మూసేశాడు.

నోరు మూసే అవసరం లేకుండా చేసినవాడు చక్రవర్తి అగస్టస్. క్రీ.పూ. 23లో ఆయన ట్రిబ్యూన్ పదవి తీసుకోకుండానే, దాని అధికారం మాత్రం జీవితాంతం తన పేరున రాయించుకున్నాడు. తర్వాతి చక్రవర్తులు తమ ఏలుబడి ఏళ్ళను దాంతోనే లెక్కపెట్టుకున్నారు. వాళ్ళ నాణేల మీద ఆ అధికారం పేరు పొట్టి అక్షరాల్లో కనిపిస్తూనే ఉంటుంది. అగస్టస్, టైబీరియస్ కాలాల రోమన్ నాణేలు నల్గొండ ప్రాంతంలో కూడా భూమిలోంచి బయటపడ్డాయి. పేదవాడి గుమ్మంలో పుట్టిన అధికారం వెండి మీద అచ్చయి సముద్రాలు దాటే సరికి, దాన్ని పిలిచి సాయమడిగే పేదవాడు కనబడకుండా పోయాడు.

తర్వాత ఆ మాట ఎక్కడెక్కడో తిరిగింది. 1652లో పోలండ్ సభలో ఒకే ఒక్క సభ్యుడి అభ్యంతరంతో సమావేశం మొత్తం ఆగిపోయింది. ఆ హక్కు తీసేయడానికి 1791 దాకా పట్టింది. ఫ్రాన్స్ విప్లవంలో పదహారో లూయీకి జనం పెట్టిన ఎగతాళి పేరు వీటో దొర. 1986లో పార్లమెంటు పంపిన తపాలా సవరణ బిల్లు మీద రాష్ట్రపతి జైల్‌సింగ్ ఔననకుండా, కాదనకుండా ఉండిపోయారు. దాన్ని పాకెట్ వీటో అన్నారు. భద్రతా మండలిలో అయిదు దేశాలకు ఉన్నదీ వీటోయే, అయితే సమితి నియమావళిలో ఆ మాటే లేదు. ఎక్కడ చూసినా ఆ మాట ఇప్పుడు బలమున్నవాడి చేతిలోనే ఉంది. పుట్టినప్పుడు అది బలం లేనివాడి కేకకు జవాబు.

రోములో చక్రవర్తుల కాలంలోనూ ఏటా ట్రిబ్యూన్లను నియమించేవాళ్ళు. పేరుకే పదవి. క్రీ.శ. మొదటి శతాబ్దం చివర్లో ప్లినీ అనే పేరుమోసిన వకీలుకు అది దక్కింది. పదవిలో ఉన్నన్నాళ్ళూ ఆయన కోర్టులో వాదించడం మానేశాడు. ఎందుకో ఒక స్నేహితుడికి ఉత్తరంలో వివరించాడు. తాను వాదిస్తుండగా అవతలి పక్షంవాడు లేచి, ట్రిబ్యూన్‌గా సాయం చేయమని తననే అడిగితే ఏం చేయాలి? ఆరు వందల ఏళ్ళనాడు కొండ మీద పెట్టుకున్న ఒట్టు ఇంకా తన మీద ఉందని ఆయన నమ్మాడు. అందుకే ఆ ఏడాది కేసులన్నీ పక్కన పెట్టి, ఎవరైనా పిలుస్తారేమోనని ఖాళీగా ఉన్నాడు.