గొట్టాల చరిత్రలో కూలోడెక్కడ?

కోనసీమ గ్యాస్ చరిత్రను బావుల లెక్కతోనే రాస్తున్నారు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్జీసీ బావి అంటుకుని 65 రోజులు మండింది. 2009లో కేజీ-డీ6 గ్యాస్ కాకినాడ నుంచి భరూచ్ దాకా సుమారు 1,400 కిలోమీటర్ల గొట్టంలో రాష్ట్రం దాటింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గెయిల్ గొట్టం పేలి ఇరవైమందికి పైగా చనిపోయారు.

గొట్టం వేసిన భూమికి పరిహారం హక్కు కాగితం చూసి ఇస్తారు. సెంటు భూమి లేని మాల, మాదిగ కూలీకి పోయిన పనిదినాలు ఏ కాగితానికెక్కాలి? గ్యాస్ ఎటు పోతే ఎంత లాభమని లెక్కేసేవాళ్లు ఈ మాటెత్తరు.

2022 మేలో, జిల్లాకు అంబేద్కర్ పేరంటేనే అమలాపురంలో మంత్రి, ఎమ్మెల్యే ఇళ్లు తగలబెట్టారు. పేరుకే అంత మంటైతే వాటా అడిగితేనో? అయినా అడగాల్సిందే. ముందు పల్లెల్లో తిరిగి కూలోళ్ల లెక్క మనమే రాసుకోవాలి.